వారం వారం రాసేవాళ్ల కోసం: టైమ్, పని, ఓపిక

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ముగ్గురు ఉండే గదిలో కూర్చుని మేము నాలుగేళ్లుగా వారానికో వ్యాసం రాస్తున్నాం. పగలు పీహెచ్‌డీ, సాయంత్రం ట్యూషన్లు, రాత్రి రాత. కుల సమస్య మీద రాసే విద్యార్థుల్లో చాలామందిది ఇదే పరిస్థితి. రాతకు జీతం లేదు, ఫెలోషిప్ టైముకు పడుతుందన్న నమ్మకం లేదు. అలసిపోయి ఒక్కొక్కరం ఆపేస్తే మన వార్త రాసేవాళ్లే ఉండరు. అందుకే ఈ లెక్కలు.

పాత కష్టమే

అంబేద్కర్ 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' మొదలుపెట్టారు. అదే ఏడాది చదువు కోసం లండన్ వెళ్లారు. డబ్బు ఇబ్బందులు కూడా తోడై 1923లో పత్రిక ఆగిపోయింది. 1927 ఏప్రిల్ 3న వచ్చిన 'బహిష్కృత్ భారత్'లో చాలా భాగం ఆయనే స్వయంగా రాశారు. అదీ 1929లో ఆగింది. అయినా ఆయన వదల్లేదు. 1930లో 'జనతా' తెచ్చారు. మన హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ ఒకవైపు ఆది హిందూ ఉద్యమం, బడులు నడుపుతూనే 1931లో 'భాగ్యనగర్' పత్రిక తెచ్చారు. 'నలుపు' పత్రికను నడిపిన బొజ్జా తారకం కోర్టుల్లో వాదించే న్యాయవాది కూడా.

వీళ్లెవరికీ తీరిక దొరకలేదు. బరువంతా ఒక్కరి మీదే పడితే ఆ ఒక్కరూ కదలగానే పత్రిక ఆగుతుందన్నది మనం నేర్చుకోవాల్సిన పాఠం.

ముందే తెలిసిన తేదీలు

మన క్యాలెండర్‌లో సగం పని ముందే ఖరారై ఉంటుంది: జనవరి 3 సావిత్రీబాయి ఫూలే, జనవరి 17 రోహిత్ వేముల, ఏప్రిల్ 11 ఫూలే, ఏప్రిల్ 14 అంబేద్కర్, మే 22 భాగ్యరెడ్డి వర్మ, జూలై 17 కారంచేడు, ఆగస్టు 6 చుండూరు, డిసెంబర్ 6 అంబేద్కర్ వర్ధంతి. వీటికి నెల ముందే చదివి, వారం ముందే రాసి పెట్టుకోవాలి. ఏప్రిల్‌లో సభలు ఎక్కువ కాబట్టి ఆ నెల వ్యాసాలు మేము మార్చిలోనే ముగిస్తాం. అలా మిగిలిన ఓపికే అనుకోని ఘటనలకు పనికొస్తుంది.

దాడి వార్త వచ్చినప్పుడు

మొదటి రోజే పెద్ద వ్యాసం రాయాలనుకోవద్దు. ఎఫ్ఐఆర్ నమోదైందా, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్లు పెట్టారా, బాధితులు ఏమంటున్నారు అన్నవి చాలు. ఒకసారి అర్ధరాత్రి తొందరలో మేము ఊరి పేరు తప్పు రాశాం. దిద్దుకోవడానికి రెండు రోజులు పట్టింది, బాధిత కుటుంబానికి క్షమాపణ చెప్పుకున్నాం. నిద్ర కళ్లతో రాసింది తెల్లవారాక ఇంకొకరు చదివితేనే పంపాలన్న నియమం అప్పటి నుంచి పెట్టుకున్నాం. లైంగిక దాడి కేసుల్లో ఇది ఇంకా ముఖ్యం. బాధితురాలిని గుర్తుపట్టే వివరం ఏది బయటపెట్టినా నేరమే.

తర్వాత రెండు తేదీలు రాసుకోవాలి. చట్టం నిబంధనల ప్రకారం 60 రోజుల్లో దర్యాప్తు పూర్తిచేసి చార్జిషీటు వేయాలి. చార్జిషీటు వేశాక సాధ్యమైనంత వరకు 2 నెలల్లో విచారణ ముగియాలి. ఘటన రోజున అందరూ రాస్తారు. 61వ రోజున అడిగేవాళ్లు తక్కువ. మన శక్తి అక్కడ పెడితే పనీ తగ్గుతుంది, ప్రయోజనమూ పెరుగుతుంది.

రోజువారీ లెక్క

- కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి దాకా బస్సు ట్రాఫిక్‌లో పోయే టైమ్ చదవడానికి, ఫోన్‌లో నోట్స్ చెప్పుకోవడానికి. రాత మాత్రం కూర్చునే రాయాలి.
- థీసిస్ కోసం చదివిందే వ్యాసానికీ వాడండి. ఒక చదువు, రెండు పనులు.
- నలుగురు కలిసి వంతులు వేసుకోండి. నెలకొక వారం ఎవరికి వారు సెలవు తీసుకోండి.
- "ఈ వారం రాయలేను అన్నా" అని చెప్పడం తప్పు కాదు. చెప్పకుండా మాయమైతేనే మిగతావాళ్ల మీద బరువు పడుతుంది.
- గైడ్‌కు ఇచ్చిన గడువు దాటితే ఆ వారం వ్యాసం ఆపండి. మన వాడల నుంచి ఒకరు డాక్టరేట్ పూర్తి చేయడం కూడా ఉద్యమ పనే.