సోల, తవ్వ, చెకుముకి: గోదావరి డెల్టాలో ఇంటిచదువు

పాలకొల్లు చుట్టుపక్కల పల్లెల్లో పిల్లల చదువు ఒకప్పుడు బియ్యం పోసిన పళ్లెంలోనో, అరుగు మీద పరిచిన ఇసుకలోనో మొదలయ్యేది. వేలు పట్టించి దిద్దించే తొలి అక్షరాలకు ఓనమాలనే పేరు ‘ఓం నమః శివాయ’ నుంచి వచ్చింది. లెక్కలకు చింతగింజలు, గవ్వలు ఉండేవి. ఆడపిల్లలు వామనగుంటలు ఆడుతూ గుంటకిన్ని గింజలు పంచుతుంటే కూడికా తీసివేతా వాటంతటవే పట్టుబడేవి. కొలతలకు గాదె దగ్గరే గిద్దె, సోల, తవ్వ, మానిక వరసగా ఉండేవి. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ఈ వరస వల్లించిన పిల్లవాడు కోతల రోజుల్లో కళ్లంలో నిలబడితే తను నేర్చిన పాఠం కళ్లముందే కొలతగా కనబడేది. నేడు సైన్సు కిట్టు అని డబ్బు పెట్టి కొనే సామాను ఆనాడు ఇంటి సామానులోనే కలిసి ఉంది.

ఇంట్లో చదివించడం అప్పట్లో వింత కాదు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాలవారీగా బడుల లెక్క తీయించినప్పుడు రాజమండ్రి జిల్లా నుంచి 291 బడులు, 279 ఉన్నత విద్యాస్థానాలు అని జవాబు వెళ్లింది. ఈ రెండో రకంలో ఎక్కువ భాగం పండితుల ఇళ్లే. ఇంటి పంచలోనే గురువు వేదమో శాస్త్రమో చెప్పేవాడు, శిష్యుడు అక్కడే ఉండి నేర్చేవాడు. మద్రాసు నగరం లెక్క ఇంకా ఆశ్చర్యం గొలుపుతుంది. బడులకు వెళ్లేవారు ఆరు వేల లోపు ఉండగా, ఇళ్లలో చదువుకునేవారు 26 వేలకు పైగా ఉన్నారని అక్కడి కలెక్టరు రాశాడు. ఆ అంకె మరీ ఎక్కువేమోనని మన్రోకు అనుమానం కలిగింది. అయినా ఇంటి చదువును పక్కన పెట్టి దేశంలోని అక్షరజ్ఞానాన్ని లెక్కగట్టడం తప్పని ఆయన గుర్తించాడు. పాలకొల్లు మాత్రం అప్పటికి డచ్చివారి స్థావరం. 17వ శతాబ్దంలో బట్టల వర్తకానికి వచ్చి స్థిరపడిన వారు నడుమనడుమ ఊరు చేయి జారినా 1825 దాకా పట్టు వదలలేదు. ఆ ఏడు అది ఇంగ్లీషువారికి దఖలైంది.

ఇంటిచదువుకు సరిపోయే అచ్చుపుస్తకం 19వ శతాబ్దంలో మద్రాసు నుంచి వచ్చింది. పుదూరి సీతారామశాస్త్రి పేరుతో ముడిపడిన బాలశిక్ష కొద్ది పుటల పుస్తకంగా మొదలై, ఒక్కో ముద్రణలో కొంత చేర్చుకుంటూ పెద్దబాలశిక్షగా పెరిగింది. అక్షరాలు, గుణింతాలు, నీతివాక్యాలు, ఎక్కాలు, తిథులు, నక్షత్రాలు, అరవై సంవత్సరాల పేర్లు, కొలతలు, ఉత్తరం రాసే పద్ధతి అన్నీ ఒకే అట్టల మధ్య ఇమిడాయి. కథల పుస్తకం కాదది. లోకజ్ఞానం మూటగట్టిన పుస్తకం. తెలుగు పిల్లలకు దొరికిన తొలి విజ్ఞాన గ్రంథంగా దాన్ని చెప్పుకోవచ్చు. దాని బలం ఇంటికి అతుక్కుని ఉండడంలో ఉంది. పుస్తకంలో ‘కుంచం’ అని ఉంటే గాదె పక్కన కుంచం ఉంది. ‘కృత్తిక’ అని ఉంటే రాత్రి వాకిట్లో మంచం వేసుకుని పడుకున్నవాడికి నెత్తిమీదే ఆ చుక్కల గుంపు కనబడేది. లోపం కూడా అక్కడే ఉంది. వల్లెవేయడమే తప్ప ‘ఎందుకు’ అనే ప్రశ్నకు ఆ పుస్తకంలో చోటు తక్కువ. గ్రహణం ఏ తిథినాడు పడుతుందో అందులో దొరుకుతుంది. ఎందుకు పడుతుందో దొరకదు.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలువలు పారి వరి పెరిగాక స్థితిపరుల ఇళ్లకు పంతుళ్లు వచ్చి చెప్పడం హెచ్చింది. అయితే ఆ పంతులు ముందు కూర్చునేది ఎక్కువగా మగపిల్లలే. ఆడపిల్లకు బడీ దూరమే, పంతులూ దూరమే. ఆమెకు దొరికితే ఇంటిచదువే, అదీ తండ్రో అన్నదమ్ములో భర్తో పూనుకుంటేనే. రాజమండ్రికి చెందిన కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. బడిదాకా రాలేనివారి కోసం 1883లో ‘సతీహితబోధిని’ పత్రిక నడిపారు. శరీరశాస్త్రం, జ్యోతిశ్శాస్త్రం, జంతువుల స్వభావాలు ఒక్కొక్కటీ సులభమైన తెలుగులో పుస్తకాలుగా రాశారు. ఈ కృషికి ఆయన సంఘసంస్కరణకు వచ్చినంత పేరు రాలేదు, రావలసి ఉంది. ఇంగ్లీషు రానివారికి శరీరంలో రక్తం ఎలా తిరుగుతుందో తెలుగులో చెప్పవచ్చని రుజువు చేసిన తొలివారిలో ఆయనొకరు.

నాటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో 1874లో పుట్టిన భండారు అచ్చమాంబ కథ దీనికి జోడీ. చిన్నతనంలోనే పెళ్లయి భర్త ఉద్యోగం చేసే మధ్యపరగణాలకు వెళ్లిన ఆమె ఏ బడికీ పోలేదు. తమ దగ్గర ఉండి చదువుకుంటున్న తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు పక్కన కూర్చుని తెలుగు, హిందీ నేర్చుకున్నారు. ఆపైన స్వయంకృషితో మరికొన్ని భాషలు పట్టారు. 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ తొలి భాగం వెలువరించారు. ఇంట్లో చదువుకున్న స్త్రీ ఇళ్లలో చదువుకునే స్త్రీల కోసం కూర్చిన జీవితచరిత్రల సంపుటి అది. ఆ తమ్ముడే 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి స్థాపించారు. చరిత్రలతోపాటు భౌతిక, రసాయన, జీవ శాస్త్రాల పుస్తకాలు ఆ మండలి ద్వారా తెలుగులోకి వచ్చాయి.

ఇక్కడే ఒక చిక్కు మొదలైంది. పెద్దబాలశిక్ష చెప్పిన వస్తువు ఇంట్లో ఉండేది. రసాయనశాస్త్ర పుస్తకం చెప్పిన గాజుకుప్పె, ఆమ్లం, దీపం ఇంట్లో లేవు. పుస్తకం ముందుకు నడిచింది, సామాను వెనకబడింది. ప్రయోగం చదివి ఊహించుకోవడమే తప్ప చేసి చూసే వీలు లేకపోయింది. ఆ ఎడం పూడడానికి చాలా ఏళ్లు పట్టింది.

పుస్తకాన్ని ఇంటి గడపదాకా తెచ్చింది గ్రంథాలయోద్యమం. రాజమండ్రిలో 1898లో మొదలైన వసురాయ గ్రంథాలయం తర్వాత గౌతమీ గ్రంథాలయంలో కలిసింది. కొంకుదురులో పుట్టిన అయ్యంకి వెంకటరమణయ్య 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి ఊపిరి పోశారు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి కొల్లూరు నుంచి పెదవడ్లపూడి దాకా ఊరూరా అందించారు. కాలువే బాటగా బతికిన డెల్టాకు ఇంతకంటే తగిన గ్రంథాలయం లేదు. ‘రేడియో అన్నయ్య’ న్యాపతి రాఘవరావు 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు. 1947లో ‘చందమామ’ వచ్చింది. ఇవి పిల్లల చేత ఇష్టంగా చదివించాయి గానీ కథే వాటి ప్రాణం.

పాత పుస్తకాలకు అసలు దెబ్బ 1957 ఏప్రిల్ 1న తగిలింది. ఆ రోజు అణా పోయి నయాపైసా వచ్చింది. ఏడాదిన్నర తర్వాత మెట్రిక్ తూనికలు, కొలతలు మొదలయ్యాయి. వీసం, కాలు, అర, ముక్కాలు వల్లించిన ఎక్కాలు అంగడిలో అక్కరకు రాకుండా పోయాయి. పిల్లలకు ఏ పుస్తకం కొనాలన్న ప్రశ్న తల్లిదండ్రుల ముందు కొత్తగా నిలబడింది.

దానికి వచ్చిన జవాబుల్లో గట్టివి రెండు. ఒకటి మాస్కో నుంచి వచ్చింది. ఉప్పల లక్ష్మణరావు వంటి అనువాదకులు అక్కడే కూర్చుని తెలుగు చేసిన సోవియట్ పుస్తకాలు విజయవాడ విశాలాంధ్ర దుకాణాల్లోనూ సంచార వ్యాన్లలోనూ చవకగా దొరికేవి. లక్ష్మణరావు స్వయంగా వృక్షశాస్త్రవేత్త కావడం ఆ అనువాదాలకు కలిసొచ్చింది. రంగుల బొమ్మలు, గట్టి కాగితం, చిన్న ధర. ఆ మూడూ ఒకే పుస్తకంలో అంతకు ముందు తెలుగు పిల్లవాడు చూసి ఉండడు.

రెండోది పాలకొల్లుకు వసిష్ఠ గోదావరి అవతల, కోనసీమలోనే పుట్టింది. ముంగండ గ్రామానికి చెందిన మహీధర కుటుంబంలోని నళినీమోహన్ ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో శాస్త్రవేత్తగా పనిచేశారు. ‘పిడుగు దేవర కథ’, ‘గ్రహణాల కథ’, ‘కాలెండర్ కథ’ ఆయన రచనలు. ఆ పేర్లు చూస్తేనే ఆయన పద్ధతి తెలుస్తుంది. పెద్దబాలశిక్ష జాబితాగా వదిలేసిన సంగతులనే ఆయన తిరిగి చేతికెత్తుకున్నారు. తిథి, మాసం, గ్రహణం, పిడుగు. వాటి పక్కన ‘ఎందుకు’ అనే ప్రశ్న చేర్చి కథలా నడిపించారు. తెలుగు ఇంట్లో పిల్లవాడికి అప్పటికే పరిచయమున్న మాట నుంచి మొదలుపెట్టడం వల్లే ఆ పుస్తకాలు పరాయిగా తోచవు. ఇంట్లో చదివించేవారు విజ్ఞాన పుస్తకాన్ని ఎంచుకోవడానికి ఇప్పటికీ ఇంతకన్నా మంచి గీటురాయి దొరకదు.

సామాను సంగతి ఆలస్యంగా కుదుటపడింది. 1987లో కేంద్రం చేపట్టిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ ప్రాథమిక బడులకు సైన్సు కిట్లు పంపింది. చాలాచోట్ల అవి పగిలిపోతాయన్న భయంతో బీరువాల్లోనే ఉండిపోయాయి. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు తయారుచేసిన కార్డుల పెట్టె వేరే దారి చూపింది. పిల్లవాడు తన వేగంతో ఒక్కో కార్డూ ఎక్కుతూ పోయేలా చదువును నిచ్చెనగా అమర్చారు. 1972లో మధ్యప్రదేశ్ హోషంగాబాదులో మొదలైన సైన్సు బోధన కార్యక్రమంలో అరవింద్ గుప్తా అగ్గిపుల్లల్ని సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో కలిపి ఆకారాలు కట్టించారు. ఆయన పుస్తకాలు తెలుగులోకీ వచ్చాయి. పోయిన సామాను ఇంటికి తిరిగొచ్చింది అలాగే: అగ్గిపెట్టె, దారం, పాత సీసా, కొబ్బరి ఈనె. కొబ్బరితోటల పాలకొల్లులో ఈనెకు కొదవ లేదు. 1988లో ఏర్పడిన జనవిజ్ఞానవేదిక తన పిల్లల పత్రికకు ‘చెకుముకి’ అని పేరు పెట్టింది. అగ్గిపెట్టెలు రాకముందు నిప్పు పుట్టించిన రాయి పేరది.

బడి మానిపించి ఇంట్లోనే చదివించే కుటుంబాలు నేడు తెలుగునాట కొద్దిపాటివే. 2010లో అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం బడినే దృష్టిలో పెట్టుకుంది. ఇంట్లో చదివిన పిల్లలు పదో తరగతి పరీక్షకు 1989లో మొదలైన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థనో, 1991 నాటి రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠాన్నో ఆశ్రయిస్తారు. వాళ్ల పుస్తకాల అరలో హైదరాబాదు మంచిపుస్తకం సంస్థ తిరిగి అచ్చువేస్తున్న సోవియట్ బొమ్మల పుస్తకాలు కనబడతాయి. వాటి పక్కనే గాజుల సత్యనారాయణ కూర్చిన లావుపాటి పెద్దబాలశిక్ష ఉంటుంది. కుంచం, తూము వంటి పాత కొలతలు పిల్లలకు అలాంటి పుస్తకాల్లోనే దొరుకుతున్నాయి. పట్టి చూపించడానికి కుంచం కావాలంటే మాత్రం తాతమ్మల నాటి అటకలు వెతకాలి.