కె. శ్రీనాథ్ రెడ్డి

కె. శ్రీనాథ్ రెడ్డి ప్రముఖ హృద్రోగ వైద్య నిపుణుడు, ప్రజారోగ్య విద్యావేత్త. పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా సంస్థకు వ్యవస్థాపక అధ్యక్షుడు. రోగికి చికిత్స చేయడంతో పాటు సమాజానికి రోగం రాకుండా చూడడం కూడా ఒక శాస్త్రమేనని, దానికి ప్రత్యేక శిక్షణ అవసరమని భావించి, ఆ శిక్షణ కొరకు విద్యాసంస్థల నిర్మాణానికి పూనుకున్నాడు.

విద్యాభ్యాసం

ఈయన తండ్రి కె.వి.రఘునాథరెడ్డి కేంద్రమంత్రిగాను, పశ్చిమ బెంగాల్ గవర్నరుగాను పనిచేశాడు. శ్రీనాథ్ రెడ్డి హైదరాబాదులోని ఉస్మానియా వైద్య కళాశాలలో వైద్యవిద్య పూర్తిచేసి, ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో హృద్రోగ శాస్త్రాన్ని అభ్యసించాడు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో వ్యాధివ్యాప్తి శాస్త్రం చదివాడు. వ్యక్తిని చూసే వైద్యుని దృష్టి జనసమూహాన్ని పరిశీలించే దిశగా మళ్ళడానికి ఈ చదువు తోడ్పడింది.

వృత్తి జీవితం

అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో ఆచార్యునిగా, హృద్రోగ విభాగాధిపతిగా పనిచేశాడు. వరంగల్ జిల్లా లక్నేపల్లిలో జన్మించిన పి.వి.నరసింహారావు ప్రధానమంత్రిగా ఉన్నప్పుడు ఆయనకు వ్యక్తిగత వైద్యునిగా ఉన్నాడు.

గుండెజబ్బు ధనవంతుల వ్యాధి అనే అభిప్రాయం చాలాకాలం ప్రచారంలో ఉండేది. దేశంలోని పలు పరిశ్రమల ఉద్యోగులు, వారి కుటుంబ సభ్యులపై శ్రీనాథ్ రెడ్డి బృందం జరిపిన అధ్యయనం 2007లో వెలువడింది. చదువు తక్కువగా ఉన్నవారిలో పొగాకు వాడకం, రక్తపోటు ఎక్కువగా ఉన్నట్లు అందులో తేలింది. ఆరోగ్యంలో సమానత్వం గురించి ఆయన చేసిన వాదనకు ఇటువంటి పరిశోధనలే ఆధారం.

ప్రజారోగ్య విద్య

మన వైద్య కళాశాలలలో సామాజిక వైద్యం పాఠ్యాంశాలలో ఒకటి మాత్రమే. 1959లో ఏర్పడిన వరంగల్లులోని కాకతీయ వైద్య కళాశాల వంటి సంస్థలు ప్రధానంగా చికిత్స చేసే వైద్యులను తయారుచేశాయి. అంటువ్యాధుల నిఘా, ఆరోగ్య పథకాల నిర్వహణ, వ్యయ విశ్లేషణ వంటి పనులకు వేరే శిక్షణ పొందినవారు కావాలి. ఈ లోటు తీర్చడానికి ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంతో 2006లో ఫౌండేషన్ ఏర్పడింది. ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ దీనిని ప్రారంభించాడు. దీని ఆధ్వర్యంలో 2008లో హైదరాబాదు, గాంధీనగర్, ఢిల్లీలలోను, 2010లో భువనేశ్వర్‌లోను ప్రజారోగ్య విద్యాసంస్థలు మొదలయ్యాయి. వైద్యేతర పట్టభద్రులకు కూడా వీటిలో ప్రవేశం కల్పించడం విశేషం.

ఆరోగ్య వృత్తుల విద్యను ప్రపంచ స్థాయిలో సమీక్షించి 2010లో నివేదిక వెలువరించిన లాన్సెట్ కమిషన్‌లో ఈయన సభ్యుడు.

సార్వత్రిక ఆరోగ్య రక్షణ

ప్రణాళికా సంఘం 2010లో నియమించిన ఉన్నతస్థాయి నిపుణుల బృందానికి శ్రీనాథ్ రెడ్డి అధ్యక్షత వహించాడు. 2011లో వెలువడిన ఆ బృందం నివేదికలోని ముఖ్య సిఫారసులు:

• ఆరోగ్యంపై ప్రభుత్వ వ్యయాన్ని స్థూల దేశీయోత్పత్తిలో 2017 నాటికి కనీసం 2.5 శాతానికి, 2022 నాటికి కనీసం 3 శాతానికి పెంచాలి.
• అత్యవసర మందులను ఉచితంగా అందజేయాలి.
• రోగుల నుండి రుసుము వసూలు చేయరాదు.

వ్యయం గురించిన లక్ష్యం గడువులోగా నెరవేరలేదు. పేద కుటుంబం వైద్యం కొరకు అప్పులపాలు కాకూడదన్నదే ఈ సిఫారసుల సారాంశం.

విమర్శలు

ప్రజారోగ్య విద్యలో ప్రైవేటు దాతల నిధుల పాత్రపై ఫౌండేషన్ విమర్శలను ఎదుర్కొన్నది. పొగాకు నియంత్రణ ప్రచారానికి విదేశీ నిధులు వినియోగించారనే ఆరోపణతో కేంద్ర హోం శాఖ 2017లో ఈ సంస్థకు విదేశీ విరాళాల అనుమతిని రద్దు చేసింది.

పురస్కారాలు, పదవులు

• 2003: పొగాకు నియంత్రణ కృషికి ప్రపంచ ఆరోగ్య సంస్థ డైరెక్టర్ జనరల్ పురస్కారం
• 2005: భారత ప్రభుత్వం నుండి పద్మభూషణ్
• 2013: ప్రపంచ హృదయ సమాఖ్య అధ్యక్ష పదవి

రచనలు

• మేక్ హెల్త్ ఇన్ ఇండియా (2019)
• పల్స్ టు ప్లానెట్ (2023)

ఇవి కూడా చూడండి

• కాకతీయ వైద్య కళాశాల
• కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం
• ఉస్మానియా వైద్య కళాశాల