కాడ్ చేప – ఆవ సాసు

డెన్మార్కు దేశమున డిసెంబరు 31వ తేదీ రాత్రి విందులో ఉడికించిన కాడ్ చేపను ఆవ సాసుతో వడ్డించుట ఆచారము. వెన్నయు, పిండియు, పాలును కలిపి కాచి, నూరిన ఆవ చేర్చిన చిక్కని సాసును తెల్లని చేప ముక్కలపై పోయుదురు. ఈ వంటకపు పోషక విలువను, ఆ చేప చరిత్రను నేడు శ్రోతలకు విన్నవింపనెంచితిమి.

కాడ్ మాంసము 100 గ్రాములలో మాంసకృత్తులు సుమారు 18 గ్రాములు. కొవ్వు ఒక గ్రామునకు లోపే. కావున దేహపుష్టికి మేలైనదే కాని, నాలుకకు చప్పన. ఆ లోపమును వెన్న, పాలు పూరించును. ఘాటును ఆవ ఇచ్చును. ఆవగింజను నూరి తడిపినప్పుడే అందలి ఎంజైము పనిచేసి ఘాటు పుట్టును. వేడి మిక్కిలిగా తగిలిన అది తగ్గిపోవును. అందుచేత ఆవను చివరకు కలుపుట మేలు. మన ఇల్లాండ్రు కూరను పొయ్యి మీదినుండి దించిన పిమ్మట ఆవముద్ద పెట్టుటయు ఇందులకే.

కాడ్ తన కొవ్వును కాలేయమున దాచుకొనును. ఆ నూనె రికెట్స్ వ్యాధిని మాన్పునని 1919 ప్రాంతమున ఎడ్వర్డ్ మెలన్‌బీ కుక్కపిల్లలపై ప్రయోగములు చేసి చూపెను. అట్లు మాన్పు పదార్థము విటమిన్ ఏ కాదని, వేరొకటని 1922లో మెకాలమ్ బృందము నిరూపించెను. అదియే విటమిన్ డి. మన యిండ్లలో పెద్దలకు పరిచితమైన కాడ్ లివర్ ఆయిల్ ఈ నూనెయే.

మాంసమున కొవ్వు లేకుండుటచే ఎండబెట్టిన కాడ్ నెలల తరబడి చెడదు. ఓడలవారికిని, మాంసము నిషిద్ధమైన ఉపవాస దినములలో ఐరోపా క్రైస్తవులకును ఇది గొప్ప ఆధారమయ్యెను. 1497లో జాన్ కాబట్ న్యూఫౌండ్లాండు ప్రాంతమునకు పోయి వచ్చిన పిమ్మట, అచ్చట చేపలను బుట్టలతో తోడవచ్చునని ఇంగ్లండులో చెప్పుకొనిరి.

నాలుగు శతాబ్దములకు పైగా ఆ రాశి తరుగనట్లే కనబడెను. పిమ్మట పట్టిన చేపను ఓడలోనే గడ్డకట్టించు పెద్ద ట్రాలర్లు వచ్చెను. 1968లో ఆ ప్రాంతమున పట్టిన కాడ్ సుమారు 8 లక్షల టన్నులు. సముద్రమున మిగిలిన చేపను 1980 తరువాతి యేండ్లలో శాస్త్రజ్ఞులు ఉన్నదానికంటె ఎక్కువగా అంచనా కట్టిరి. తుదకు 1992 జూలై 2న కెనడా ప్రభుత్వము వేటను నిషేధించెను. దాదాపు 30,000 మంది జీవనోపాధి కోల్పోయిరి. 2024లో వేటను పరిమితముగా మరల అనుమతించిరి కాని, ముప్పది రెండేండ్ల విరామము పిదపను పూర్వపు సమృద్ధి తిరిగి రాలేదు.

చౌకగా పుష్టినిచ్చు ఆహారము ఎన్నటికిని తరగదని నమ్మినవారి అనుభవమిది. చేపపై బ్రదుకు మన తీరవాసులును, చేపను వండుకొను మనమును దీనిని తెలిసికొనదగును.