గ్యాసు బాయి పక్కన వాగును ఎవరు చూస్తున్నరు?

హుజూరాబాద్, రామగుండం దిక్కు హాస్టళ్లల్ల ఉండి చదువుకుంటున్న అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఈ రాత. కొంచెం పొడుగే, ఓపికతో చదవండి.

రామగుండంలో పాత ఎరువుల ఫ్యాక్టరీ బొగ్గుతో నడిచేది. 1999లో మూతపడ్డది. ఇప్పుడున్నది 2021 నుంచి సహజ వాయువుతో యూరియా తయారుచేస్తున్నది. ఆ గ్యాసు కాకినాడ దగ్గరి మల్లవరం నుంచి గొట్టంల వస్తది. అంటే మన చేన్ల చల్లే యూరియాకు, తూర్పు తీరంల తవ్విన గ్యాసు బాయికి చుట్టరికం ఉన్నట్టే.

గ్యాసు తీసే చోట ఏమైతదో కోనసీమ చూసింది. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బాయిల గ్యాసు ఎగదన్ని మంట లేచింది. 65 రోజులు మండింది. ఊళ్లు ఖాళీ చేయించిన్రు. మంట కాబట్టి దేశమంతా చూసింది. నీళ్లకు జరిగే నష్టం అట్ల కనబడదు. గ్యాసు వెంట భూమి లోపలి నీళ్లు కూడా పైకొస్తయి. యుగాలుగా రాళ్లల్ల ఉన్నవి గనుక చాలాచోట్ల ఉప్పు ఎక్కువ, కొన్ని చోట్ల బేరియం, స్ట్రాన్షియం కూడా ఉంటయి. వాటిని ఊరికే వదిలేస్తే వాగు రంగు మారకపోవచ్చు. నీటి పురుగులకు, చేపలకే ముందు తెలుస్తది.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం సంగతి చెప్త. 2008లో అక్కడి మొనాంగహేలా నదిల కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల హద్దు దాటినయి. గ్యాసు బావుల వ్యర్థజలం ఒక కారణం, పాత బొగ్గు గనుల నీళ్లు ఇంకో కారణం, నదిల పారకం తగ్గుడు మూడోది. ఒక్కదాని మీదనే నెడితే తప్పైతది. తర్వాత 2010లో డికిన్సన్ కాలేజీకి చెందిన అల్లార్మ్ సంస్థ ఊరోళ్లకు ఒక పద్ధతి నేర్పింది. క్రమం తప్పకుండ వాగుకు పోవాలె, నీటి మట్టం, విద్యుత్ వాహకత కొలిచి రాయాలె. వాహకత ఉన్నట్టుండి పెరిగితే ఉప్పునీళ్లు కలిసినయేమో అని అనుమానం. అప్పుడు నమూనా ల్యాబుకు పంపి బేరియం, స్ట్రాన్షియం చూపియ్యాలె. బాయి తవ్వకముందే కొలతలు మొదలుపెట్టుడు ముఖ్యం. ముందటి లెక్క లేకుంటే, "ఈ వాగు మొదటి సంది ఇంతే" అని తవ్వెటోళ్లు అంటరు. మనం ఏం చూపిస్తం?

ఇది మనకు దూరం ముచ్చట కాదు. బొగ్గు పొరల మీథేన్ విధానం 1997లో వచ్చింది, మూడో దఫా వేలంల గోదావరి లోయ బ్లాకులు కూడా ఉన్నయి. ఆ గ్యాసు రావాలంటే ముందుగాల బొగ్గు పొరల నీళ్లు తోడాలె. తోడిన నీళ్లు యాడికి పోతయి? 2020 జనవరిల కేంద్రం పర్యావరణ నోటిఫికేషన్ మార్చి, చమురు, గ్యాసు అన్వేషణను ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేని వర్గంల పెట్టింది. అంటే అన్వేషణ బోరు వేసేముందు మనల్ని అడిగే ఆ సభ ఉండదు.

మిగిలిన దారులు కొన్ని ఉన్నయి. 1996 పెసా చట్టం చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పజెప్పింది. కానీ అది ఉట్నూరు, ఆసిఫాబాద్ లాంటి షెడ్యూల్డ్ ప్రాంతాలకే, హుజూరాబాద్‌కు వర్తించదు. 1974 నీటి చట్టానికి 1988లో చేసిన సవరణ, 60 రోజుల నోటీసు ఇచ్చి ఫిర్యాదు చేసే వీలు మామూలు మనిషికి కూడా ఇచ్చింది. ఫిర్యాదంటే చేతిల లెక్కలు ఉండాలె.

టీడీఎస్ మీటరు పెన్నంత ఉంటది, వాటర్ ప్లాంటోళ్ల దగ్గర చూసే ఉంటరు. అది కూడా వాహకతనే కొలుస్తది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఎండాకాలం చెలమ నీళ్లు, వానాకాలం వాగు నీళ్లు రెండూ కొలిచి నోటుబుక్కుల రాయండి. తేదీ, తావు, ముందటి రోజు వాన పడ్డదా లేదా అన్నది కూడా రాయాలె. వానకు అంకె తగ్గుతది, అది చూసి వాగు బాగైందనుకోవద్దు.