నర్సింగ్ కాకుండా ఆసుపత్రి చదువులు: ఫీజు కట్టే ముందు తెలుసుకోవలసినవి

ప్లస్ టూ సైన్స్ ఫలితాలు వచ్చాయంటే మా సంఘానికి వచ్చే తల్లిదండ్రుల ప్రశ్న ఒకటే. డాక్టరు సీటు అందలేదు, నర్సింగ్ పిల్లకు ఇష్టం లేదు, ఆసుపత్రి పనిలో ఇంకేమైనా ఉందా? ఉంది, చాలానే ఉంది. కానీ ఏ చదువు అన్నదానితో పాటు, ఆ కాగితం రేపు మన కొరాపుట్, రాయగడ జిల్లాల్లో చెల్లుతుందా అన్నదీ అంతే ముఖ్యం. ఈ రెండు విషయాలూ ఒకచోట ఉంటే మనవాళ్లకు పనికొస్తాయని ఇది రాస్తున్నాము.

ల్యాబ్ టెక్నీషియన్

రక్తం, మూత్రం, కఫం పరీక్షించి రిపోర్టు ఇచ్చే పని. డిప్లొమా సాధారణంగా రెండేళ్లు, డిగ్రీ అంతకంటే ఎక్కువ. మన కొండ ప్రాంతంలో మలేరియా ఉంది, సికిల్ సెల్ రక్త వ్యాధి ఉంది. కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టి, 40 ఏళ్ల లోపువారిలో 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని తలపెట్టింది. తల్లిదండ్రులిద్దరూ పైకి ఆరోగ్యంగా ఉండి ఆ లక్షణాన్ని మోస్తున్నవారైతే, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది. ల్యాబ్‌లో కూర్చున్నవాళ్లు రాసే ఒక్క మాట మీద ఒక ఇంటి భవిష్యత్తు ఆధారపడుతుంది. నిదానం, శుభ్రత ఉన్న పిల్లలకు ఈ పని నప్పుతుంది.

ఎక్స్‌రే, స్కానింగ్

రేడియోగ్రాఫర్ ఎక్స్‌రే, సీటీ, ఎమ్మారై యంత్రాలు నడుపుతారు. రేడియేషన్ అంటే పెద్దవాళ్లు భయపడతారు. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం గదికి, తలుపుకు రక్షణ ఉండాలి. పనిచేసేవారి ఒంటికి పడిన మోతాదును కొలిచే బ్యాడ్జీ ఉండాలి. నిబంధనలు పాటించే చోట భయపడనక్కర లేదు. బ్యాడ్జీ కూడా ఇవ్వని చోట మాత్రం చేరకూడదు.

ఫార్మసీ

డి.ఫార్మ్ రెండేళ్లు, ఆపైన 500 గంటల ఆచరణ శిక్షణ. బి.ఫార్మ్ నాలుగేళ్లు. 2022 నిబంధనల ప్రకారం, వాటి తర్వాత డి.ఫార్మ్‌లో చేరినవారు చదువు ముగిశాక ఎగ్జిట్ పరీక్ష కూడా నెగ్గాలి. రాష్ట్ర ఫార్మసీ మండలిలో నమోదైతేనే ఫార్మసిస్టు. పిల్ల స్వయంగా మందుల షాపు పెట్టుకోగల చదువు ఇదొక్కటే. కాలేజీకి భారత ఫార్మసీ మండలి ఆమోదం ఉందో లేదో ముందే చూడాలి.

ఫిజియోథెరపీ, కృత్రిమ అవయవాలు

పక్షవాతం వచ్చినవారిని, ఎముకలు విరిగినవారిని మళ్లీ నడిపించే పని. డిగ్రీ స్థాయి చదువు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్లు ఉండేది. 2025లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక దాన్ని ఐదేళ్లు చేసింది. కటక్ జిల్లా ఓలత్‌పూర్‌లోని స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థలో ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, కృత్రిమ కాళ్లు చేతులు తయారుచేసే విద్య, మూడూ ఉన్నాయి. అది కేంద్ర ప్రభుత్వ సంస్థ. మనవాళ్లలో దాని సంగతి తెలిసినవారు తక్కువ.

కళ్లు, డయాలసిస్, ఆపరేషన్ థియేటర్

ఆప్టోమెట్రీ డిగ్రీ నాలుగేళ్లు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రికి భువనేశ్వర్‌లో, విశాఖలోనే కాదు, రాయగడ దగ్గర జేకేపూర్‌లో కూడా కేంద్రం ఉంది. పిల్లను తీసుకెళ్లి ఆ పని ఎలా ఉంటుందో ఒకసారి చూపించవచ్చు. 2016లో జాతీయ డయాలసిస్ కార్యక్రమం ప్రకటించాక జిల్లా ఆసుపత్రుల్లోనూ ఆ యంత్రాలు పెడుతున్నారు. రోగి పక్కన సుమారు నాలుగు గంటలు కనిపెట్టుకొని ఉండాల్సిన పని అది. రాత్రి డ్యూటీ కుదరదనేవారు ఆపరేషన్ థియేటర్ చదువు జోలికి వెళ్లకపోవడం మంచిది.

చెల్లుబాటు ఎలా చూసుకోవాలి

డాక్టరు, నర్సు, ఫార్మసిస్టులకు ఎప్పటినుంచో మండళ్లు ఉన్నాయి. మిగతావారికి 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. దాని ప్రకారం డిప్లొమాకు కనీసం 2,000 గంటలు, రెండేళ్లకు తగ్గకుండా ఉండాలి. డిగ్రీకి 3,600 గంటలు, మూడేళ్లకు తగ్గకూడదు. కాబట్టి ఆరు నెలల్లో ల్యాబ్ టెక్నీషియన్ని చేస్తామనే బోర్డు కనబడితే అక్కడ ఆగవద్దు. దూరవిద్యలోనూ చేరవద్దు. ఈ చట్టం కిందికి వచ్చే చదువులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని యూజీసీ 2025లో ఆదేశించింది.

కాలేజీకి సొంత ఆసుపత్రి గానీ, ఆసుపత్రితో ఒప్పందం గానీ ఉందా అని కూడా అడగాలి. ఇంటి బంగారం తాకట్టు పెట్టి పిల్లను పంపితే, రెండేళ్లూ గదిలో నోట్సు రాయించి, యంత్రం ముట్టుకోనివ్వకుండా తిరిగి పంపిన చోట్లు ఉన్నాయి. పేరు చెప్పడం మా ఉద్దేశం కాదు. చేరకముందే పాత విద్యార్థులతో మాట్లాడితే ఆ సంగతి తెలిసిపోతుంది.

సరిహద్దు చిక్కులు

విశాఖ మనకు భువనేశ్వర్ కంటే దగ్గర, అక్కడ చుట్టాలూ ఉన్నారు. అందుకని అటే చూస్తాము. కానీ ఆంధ్రలో స్థానికులకే ఎక్కువ సీట్లు. ఒడిశాలో చదివిన పిల్లలు సాధారణంగా స్థానికేతరుల లెక్కలోకి వస్తారు. మనమూ తెలుగువాళ్లమే అన్న మాట కౌన్సెలింగ్ దగ్గర చెల్లదు. వెనుకబడిన కులాల జాబితాలు కూడా ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే. ఇక్కడి సర్టిఫికెట్ అక్కడ పనిచేస్తుందని లెక్క వేసుకోవద్దు. ముందు మన రాష్ట్రంలో, కొరాపుట్‌లో 2017లో మొదలైన శహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాలలో, బరంపురం వైద్య కళాశాలలో ఏయే కోర్సులకు ప్రకటన వచ్చిందో చూడండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒడియా. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగ ప్రకటనల్లో ఏడో తరగతి స్థాయి ఒడియా వచ్చినట్టు రుజువు అడుగుతారు. ఏడో తరగతిలోగానీ ఆపైన గానీ ఒడియా ఒక భాషగా చదివి పాసైన కాగితం ఉండాలి. లేదంటే ఆ స్థాయి పరీక్ష విడిగా రాసి నెగ్గాలి. ఇంగ్లీషు మీడియంలో వేరే భాష తీసుకున్న పిల్లలు, విశాఖలో చుట్టాల ఇంట ఉండి చదివిన పిల్లలు ఇక్కడే ఆగిపోతారు. ఇది డిప్లొమా అయ్యాక గుర్తుకొచ్చే సంగతి కాకూడదు. ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలుంటే ఇప్పుడే చూసుకోండి.

తెలుగు, ఒడియా, సంతలో విని నేర్చిన దేశియా మాటలు, మూడూ వచ్చిన పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు. కొండ మీది నుంచి దిగివచ్చిన రోగికి తన భాషలో ధైర్యం చెప్పగలగడం ఏ కాలేజీలోనూ దొరకని అర్హత. దానికి చెల్లే కాగితం జత చేయడం పెద్దవాళ్లుగా మనం చేయవలసిన పని. ప్రాస్పెక్టస్, కాలేజీ ఆమోదం ఉత్తర్వు నకలు పట్టుకొని సంఘానికి రండి. ఫీజు కట్టకముందు వస్తే కలిసి కూర్చుని చదువుదాం.