కలకత్తా, రొమ్ము క్యాన్సర్, ఒక ప్రొటీన్

దేశబంధు చిత్తరంజన్ దాస్ 1925లో కన్నుమూసే నాటికే దక్షిణ కలకత్తాలోని తన ఇంటిని జాతికి రాసిచ్చేశారు. మరుసటి ఏడాది ఆ ఇంట్లోనే స్త్రీల కోసం చిత్తరంజన్ సేవాసదన్ వెలిసింది. ఆడవాళ్ల ఆసుపత్రి తెరిస్తే ఆడవాళ్లు దాచుకున్న జబ్బులన్నీ దాని గడప తొక్కుతాయి. రొమ్ములో గడ్డ తగిలినా ఎవరికీ చెప్పుకోక, అది పుండై పగిలాక గానీ వైద్యుడి దగ్గరకు రాని కాలమది. అక్కడ పనిచేసిన డాక్టర్ సుబోధ్ మిత్రా క్యాన్సర్‌కు విడిగా ఆసుపత్రి ఉండాలని పట్టుబట్టారు. 1950 జనవరి 2న చిత్తరంజన్ క్యాన్సర్ ఆసుపత్రిని మేరీ క్యూరీ కూతురు ఐరీన్ జోలియో క్యూరీ ప్రారంభించారు. అదే నెల 11న మేఘనాథ్ సాహా స్థాపించిన అణుభౌతిక సంస్థను కూడా ఆమే ప్రారంభించారు. రేడియేషన్‌తో క్యాన్సర్‌ను మాన్పవచ్చన్న ఆశకు ఆమె ప్రతినిధి. మరో ఆరేళ్లకు రక్తక్యాన్సర్‌తో మరణించినదీ ఆమే.

ఆనాటి వైద్యానికి రెండే ఆయుధాలు, కత్తీ కిరణమూ. అమెరికాలో హాల్‌స్టెడ్ నేర్పిన శస్త్రచికిత్స రొమ్మునూ కింది కండరాన్నీ చంకలోని గ్రంథులనూ కలిపి తీసేసేది. అందరికీ ఒకటే జబ్బు, ఒకటే కోత. ఆ నమ్మకాన్ని మొదట కదిలించింది గ్లాస్గోలో బీట్సన్. అండాశయాలు తీసేస్తే కొందరిలో రొమ్ము గడ్డ కరుగుతోందని 1896లోనే ఆయన చూపించాడు. కొందరిలోనే ఎందుకు కరుగుతోందన్న ప్రశ్న అరవై ఏళ్లు నానింది. చికాగోలో ఎల్వుడ్ జెన్సెన్ ఈస్ట్రోజన్ గ్రాహకాన్ని పట్టుకున్నాక జవాబు దొరికింది. గడ్డ కణాల్లో ఆ ప్రొటీన్ ఉన్నవాళ్లకే హార్మోన్ వైద్యం పనిచేస్తుంది. 1970లలో వచ్చిన టామాక్సిఫెన్ మాత్ర ఆ ఎరుక మీదే నిలబడింది. జబ్బును చూడవలసింది గడ్డ పరిమాణంలోనే కాదనీ, దాని కణాలు తయారుచేసే ప్రొటీన్లలో కూడాననీ వైద్యం అప్పుడు నేర్చుకుంది.

మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు పేరు ఈ దారిలోనే తగులుతుంది. అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన బృందం చేసిన ఫోలిక్ యాసిడ్ విరోధులతోనే సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల రక్తక్యాన్సర్‌ను తాత్కాలికంగా వెనక్కు నెట్టాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు వెళ్లిపోయారు. ఆ కుటుంబంలోని మందే మెథోట్రెక్సేట్. శస్త్రచికిత్స తర్వాత మూడు మందులు కలిపి ఇస్తే రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టడం తగ్గుతుందని 1976లో మిలాన్ నుంచి బొనడొన్నా ప్రకటించినప్పుడు, ఆ మూడింటిలో ఒకటి ఇదే. కలకత్తాలోనూ హైదరాబాదులోనూ ఎందరు స్త్రీలకు ఆ మందు ఎక్కిందో! ఎక్కించినవారిలో దాని వెనకున్న తెలుగువాణ్ణి ఎరిగినవారు తక్కువే అనుకుంటాను.

అసలు మలుపు 1980లలో వచ్చింది. మసాచుసెట్స్‌లోని రాబర్ట్ వైన్‌బర్గ్ ప్రయోగశాలలో, బొంబాయి నుంచి వెళ్లిన లక్ష్మీచరణ్ పాఢీ 1982లో ఎలుకల నాడీకణితుల వెనకున్న ఒక కొత్త ప్రొటీన్ ఉనికిని పట్టుకున్నాడు. అది కణం ఉపరితలం మీద ఉంటుంది, అంటే బయటి నుంచి మందుకు అందుతుంది. మందు తయారీకి అంతకన్నా అనువైన గురి దొరకదు. అయినా అప్పుడది ఎవరికీ తట్టలేదు. కలకత్తా మూలాలున్న వైద్యుడు సిద్ధార్థ ముఖర్జీ క్యాన్సర్ మీద రాసి పులిట్జర్ పొందిన గ్రంథంలో ఈ చేజారిన అవకాశం దగ్గర ఆగుతాడు. ఆగదగ్గ చోటే. 1985 నాటికి మనిషిలోని జన్యువు కూడా దొరికింది. న్యూ అని ఒకరు, ఎర్బ్-బి2 అని మరొకరు, హెర్-2 అని ఇంకొకరు పిలిచారు. లాస్ ఏంజెలెస్‌లో డెన్నిస్ స్లామన్ దాచి ఉంచిన గడ్డల నమూనాలను జెనెన్‌టెక్ కంపెనీ శాస్త్రవేత్త ఆక్సెల్ ఉల్రిచ్ దగ్గరున్న జన్యువుతో కలిపి చూశారు. 1987లో వెలువడిన ఫలితం ప్రకారం 189 రొమ్ము కణితుల్లో దాదాపు 30 శాతంలో ఆ జన్యువు ప్రతులు పెరిగిపోయి ఉన్నాయి. అవి ఎక్కువగా ఉన్నవారికి జబ్బు త్వరగా తిరగబెట్టింది, ఆయుష్షు తగ్గింది. ఆ తర్వాతి లెక్కల్లో ఈ వాటా 15 నుంచి 20 శాతం దగ్గర స్థిరపడింది.

మామూలు కణంలో ఆ జన్యువు ప్రతులు రెండే ఉంటాయి, ఉపరితలం మీద గ్రాహకాలూ పరిమితమే. ప్రతులు పెరిగిన కణం మీద అవి లక్షల్లో కిక్కిరిసిపోతాయి. మిగతా గ్రాహకాలు బయటి నుంచి పెరుగుదల సంకేతం వచ్చేదాకా ఎదురుచూస్తాయి. హెర్-2 ఎదురుచూడదు, పక్కనున్న తోటి గ్రాహకంతో, ముఖ్యంగా హెర్-3తో, జతకట్టి లోపలికి ఆజ్ఞలు పంపుతూనే ఉంటుంది. ప్రొటీన్ వికృతం కానక్కరలేదు, మోతాదు మించితే చాలు. అయితే అంత దట్టంగా ఉండడమే దాన్ని పట్టిచ్చింది. 1992లో జెనెన్‌టెక్ శాస్త్రవేత్తలు హెర్-2కు అంటుకునే ఎలుక యాంటీబాడీని మనిషి శరీరానికి సరిపడేలా మలిచారు. 1998 సెప్టెంబరులో ట్రాస్టుజుమాబ్ అన్న పేరుతో ఆ మందుకు అమెరికా అనుమతి దొరికింది. తొలిదశలోనే ఇస్తే వ్యాధి తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గుతుందని 2005లో తేలింది. కొందరిలో గుండెను బలహీనపరుస్తుంది కనుక వైద్యం సాగినంత కాలం ఎకో తీయించాల్సి వచ్చింది. ఒకప్పుడు అన్నిటికన్నా చెడ్డ వార్తగా వినిపించిన హెర్-2 పాజిటివ్ అన్న మాట, మందు కొనగలిగినవారికి ఊరటనిచ్చే మాట అయింది.

కొనగలిగినవారికి. అందుకే మన దేశంలో ఈ చరిత్ర మలుపు తిరిగింది 1998లో కాదంటాను.

ఈలోగా కలకత్తా ఎదిగింది. 1973లో ఠాకుర్‌పుకూర్‌లో డాక్టర్ సరోజ్ గుప్తా క్యాన్సర్ కేంద్రం మొదలుపెట్టారు. 1987లో చిత్తరంజన్ ఆసుపత్రీ దాని పరిశోధన కేంద్రమూ కలిసి జాతీయ సంస్థ అయ్యాయి. అయినా బెంగాల్ రోగులు కోరమండల్ ఎక్కి దక్షిణాదికి పోవడం ఆగలేదు. వెల్లూరుకనీ చెన్నైకనీ ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని విశాఖ, విజయవాడల మీదుగా సాగే ఆ కుటుంబాలను మన రైలు ప్రయాణికులు ఎరుగుదురు. తూర్పు, ఈశాన్య ప్రాంతాల రోగుల కోసమే 2011లో రాజర్‌హాట్‌లో టాటా మెడికల్ సెంటర్ తెరుచుకుంది. బయాప్సీ ముక్కకు రంగుపట్టించి హెర్-2 ఎంతుందో 0, 1+, 2+, 3+ అని గ్రేడు వేయడం, 2+ వస్తే సందేహం తీర్చుకోవడానికి జన్యువు ప్రతులను లెక్కించే ఫిష్ పరీక్ష చేయడం పెద్ద కేంద్రాల్లో నిత్యకృత్యమైంది. రిపోర్టు అందేది. దాన్ని బట్టి రాయాల్సిన మందు మాత్రం మూడు వారాలకోసారి చొప్పున ఏడాది పాటు ఎక్కించాలి. రోషే సంస్థ 2012లో ధర తగ్గించి తెచ్చిన 440 మిల్లీగ్రాముల వయల్ కూడా అప్పట్లో రూ.75,000 దగ్గరే ఉండేది.

ఆ ముడి వీడిన చోట్లలో ఒకటి కలకత్తా. అక్కడి ఆసుపత్రి కాదు, పేటెంటు కార్యాలయం. దేశంలో మొదటి పేటెంటు చట్టం 1856లో ఈ నగరంలోనే పుట్టింది. ఆ చట్టం కింద మొదట దరఖాస్తు పెట్టిన కలకత్తా వాసి డి పెన్నింగ్ అడిగింది పంఖా లాగే యంత్రానికి హక్కు! నూటయాభై ఏళ్లు దాటాక, 2007లో, ట్రాస్టుజుమాబ్‌కు భారత పేటెంటు మంజూరైంది. 2012లో స్త్రీవాద, ఆరోగ్య కార్యకర్తలు ఈ మందు ధర తగ్గాలని ఉద్యమం లేవదీశారు. 2013 తొలినాళ్లలో ఇతర కంపెనీలకు నిర్బంధ లైసెన్సు ఇవ్వాలన్న ప్రతిపాదన కేంద్రంలో కదిలింది. ఆ ఆగస్టులో కలకత్తా కార్యాలయం ముందు, ఆ పేటెంటుకు అనుబంధంగా రోషే పెట్టిన ఉప దరఖాస్తులు నిలబడలేదు. మూల పేటెంటును కూడా కొనసాగించబోమని అదే నెలలో కంపెనీ ప్రకటించింది. కొన్ని నెలలకే బెంగళూరు బయోకాన్ తన సదృశ ఔషధాన్ని రూ.57,500కు తెచ్చింది. తర్వాత మరికొన్ని కంపెనీలు వచ్చాయి, మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ కూడా వాటిలో ఉంది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది.

2022 జనవరిలో చిత్తరంజన్ సంస్థకు న్యూటౌన్‌లో రెండో ప్రాంగణం ప్రారంభమైంది. ఆ ఏడాదే మరో గీత చెరిగింది. యాంటీబాడీకి విషపు మందును తగిలించిన ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్, హెర్-2 కొద్దిగా మాత్రమే ఉన్న ముదిరిన క్యాన్సర్ మీద కూడా పనిచేస్తుందని తేలింది. ఇన్నాళ్లూ నెగటివ్ కింద కట్టేసిన 1+ రిపోర్టులకు విలువ వచ్చింది. పాథాలజిస్టులు పాత పారాఫిన్ దిమ్మెలను బయటికి తీసి, 0కీ 1+కీ నడుమనున్న లేత గోధుమరంగు ఛాయను మళ్లీ చదువుతున్నారు. 2024 జులై బడ్జెట్‌లో ఆ మందు మీద కస్టమ్స్ సుంకం ఎత్తేశారు. సుంకం పోయింది గానీ దాని పేటెంటు గడువు ఇంకా ఉంది.