పరిశ్రమల మైక్రోవేవ్ యంత్రాలు: కార్మికులకు ముప్పు ఎక్కడ?

వంటింటి ఓవెన్‌లో ఉండే మాగ్నెట్రానే పరిశ్రమల మైక్రోవేవ్ యంత్రాల్లోనూ ఉంటుంది. తేడా శక్తిలోనే. ఇంట్లో అది దాదాపు 1 కిలోవాట్, ఫ్యాక్టరీలో పదుల కిలోవాట్లు. మందుల పొడులు, ఆహార పదార్థాలు, కలప ఆరబెట్టడానికి, గడ్డకట్టిన మాంసాన్ని కరిగించడానికి, రబ్బరును వల్కనైజ్ చేయడానికి వీటిని వాడతారు. ప్రధాన పౌనఃపున్యాలు 2450, 915 మెగాహెర్ట్జ్.

హాని ఎలా?

ఈ తరంగాలు ఎక్స్-రేల వంటివి కావు. యంత్రం ఆపితే ఏమీ మిగలదు. రుజువైన హాని వేడివల్ల కలిగేదే. అయితే ఆ వేడి చర్మం లోపలి పొరల్లోనూ పుడుతుంది కాబట్టి, దాన్ని పసిగట్టేసరికి ఆలస్యం కావచ్చు. కంటి కటకానికి రక్తప్రసరణ లేదు. అందువల్ల అక్కడ చేరిన వేడి త్వరగా తగ్గదు. మోతాదు తీవ్రమైతే శుక్లం రావచ్చు. వృషణాలూ వేడికి సున్నితమైనవే.

లీకేజీ ఎక్కడ?

తలుపున్న యంత్రాల్లో అరిగిన సీళ్ల దగ్గర. కన్వేయర్ యంత్రాల్లో సరుకు వచ్చిపోయే రెండు చివరలూ తెరిచే ఉంటాయి. తరంగాలు బయటికి రాకుండా అక్కడ చోక్‌లు అమరుస్తారు. ఆ ద్వారంలో లోహపు ముక్క ఇరుక్కుంటే అదే యాంటెన్నాలా పనిచేస్తుంది. తలుపు తీయగానే విద్యుత్తును ఆపే ఇంటర్‌లాక్‌ను పని త్వరగా కావాలని తప్పిస్తే అసలు రక్షణే పోతుంది.

పరిమితులు

అంతర్జాతీయ సంస్థ ఐసీఎన్ఐఆర్‌పీ 2020 మార్గదర్శకాల ప్రకారం, ఈ యంత్రాలు ఎక్కువగా వాడే 2450 మెగాహెర్ట్జ్ వద్ద కార్మికుడి శరీరమంతటికీ 30 నిమిషాల సగటు పరిమితి చదరపు మీటరుకు 50 వాట్లు, సాధారణ ప్రజలకు 10 వాట్లు. ఇంటి ఓవెన్లకు అమెరికా పెట్టిన లీకేజీ పరిమితి కూడా అంకెల్లో 50 వాట్లకు సమానమే. కానీ దాన్ని ఓవెన్‌కు 5 సెంటీమీటర్ల దూరంలో కొలుస్తారు. దూరం పెరిగేకొద్దీ తీవ్రత వేగంగా పడిపోతుంది. కాబట్టి రెండూ ఒకటి కావు.

మరచిపోయే యంత్రం

రెయిన్‌కోట్లు, ఫైళ్ల వంటి పీవీసీ వస్తువులను అతికించే హై ఫ్రీక్వెన్సీ వెల్డింగ్ యంత్రాలు 27.12 మెగాహెర్ట్జ్‌లో నడుస్తాయి. వీటిలో ఎలక్ట్రోడ్లు తరచు బయటికే ఉంటాయి, ఆపరేటర్ చేతులు వాటి పక్కనే ఉంటాయి. అమెరికాలోని నియోష్, ఓషా సంస్థలు 1979లోనే వీటిపై సంయుక్తంగా హెచ్చరిక జారీ చేశాయి.

మన చట్టం

సురక్షితమైన యంత్రాన్ని, దాన్ని వాడే వివరాలను ఇవ్వాల్సిన బాధ్యత తయారీదారుదని ఫ్యాక్టరీల చట్టంలోని 7బి సెక్షన్ చెప్పింది. 2020 నాటి వృత్తి భద్రతా కోడ్‌లోనూ ఆ బాధ్యత కొనసాగింది. అయితే యంత్రం కొన్ననాటి ధ్రువపత్రం అరిగిన సీలు గురించి చెప్పదు. కార్మికుడు యాజమాన్యాన్ని అడగాల్సినవి రెండే ప్రశ్నలు: లీకేజీని చివరిసారి ఎప్పుడు కొలిచారు? మరమ్మతు తరువాత మళ్లీ కొలిచారా?